తలుపు దగ్గరి చాప

దుమ్ముగూడెంలో ఆ చిన్న చర్చికి వెళ్తే తలుపు దగ్గర ఒక చాప కనిపిస్తుంది. మిగతా చాపలకన్నా పాతది, అంచులు చిరిగిపోయినది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇచ్చే వేళకి, రొట్టె, ద్రాక్షారసం తీసుకోనివాళ్లు లేచి వెళ్లి ఆ చాప మీద కూర్చుంటారు. ఇంకా బాప్తిస్మం కాని పిల్లలు, తోడికోడలితో తగువు పడి మాటలు మానేసినవాళ్లు, చేయకూడనిదేదో చేసి మనసు కుదుటపడనివాళ్లు. ఎవరూ ఎవరినీ పొమ్మనరు. ఎవరి సంగతి వాళ్లకు తెలుసు గనక వాళ్లే లేస్తారు. మిగతావాళ్లు కళ్లు మూసుకుని ప్రార్థిస్తూనే ఎవరు లేచారో చూసేస్తారు. సోమవారానికల్లా ఊరంతా తెలిసిపోతుంది.

లైన్‌మన్ సుకుమార్ తాగినన్నాళ్లూ ఆ చాప మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. తాగుడు మానేశాక కూర్చోవడం మొదలుపెట్టాడు. వినేవాళ్లకు ఇది నవ్వొచ్చే సంగతే. కానీ ఆ చాప వల్లనే అతని పెళ్లాం, కూతురు ఇంటికి రాకుండా ఆగిపోయారు కాబట్టి అతనికి నవ్వు రాలేదు.

లైన్‌మన్‌కి తాగుడు అలవాటు కావాలంటే వెతుక్కుంటూ పోనక్కర్లేదు. అదే ఎదురొస్తుంది. అడవి పల్లెల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వారం రోజులు చీకట్లో ఉన్న జనానికి దీపం వెలిగించినవాడు దేవుడితో సమానం. ఇంట్లో ఉన్న ఇప్పసారా తెచ్చి ముందు పెడతారు. గోదావరి ఒడ్డున మోటారు బాగుచేస్తే ఆసామి కల్లు తెప్పిస్తాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. సుకుమార్ మొదట మర్యాద కోసం తాగాడు, తర్వాత మర్యాదగా తాగాడు, ఆ తర్వాత మర్యాద వదిలేసి తాగాడు. మంచి పనిమంతుడు, మాట మెత్తన, పాట కూడా పాడతాడు. ఇలాంటివాళ్లు తాగితే ఊరు తొందరగా తప్పు పట్టదు. అదే వాళ్ల కొంప ముంచుతుంది.

అతనికీ ఒక కట్టుబాటుండేది. బల్ల ముందటి శనివారం రాత్రి మాత్రం ముట్టేవాడు కాదు. దేవుడి దగ్గరికి వాసనతో పోకూడదని. దాంతో ఆదివారం పొద్దున్నకి ఒళ్లంతా వణుకు. ఆ చర్చిలో జనం వరసలుగా చాపల మీద కూర్చుంటారు, మగవాళ్లొకవైపు, ఆడవాళ్లొకవైపు. చిన్న చిన్న గాజు గ్లాసులు పేర్చిన ఇత్తడి పళ్లెం చేతి నుంచి చేతికి సాగుతుంది. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని పళ్లెం పక్కవాళ్లకి అందించాలి. అది సుకుమార్ చేతికి రాగానే గ్లాసులన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమని మోగేవి. సంఘపెద్ద ఏసయ్య ఆ చప్పుడు విని కళ్లు తుడుచుకునేవాడు. "భయభక్తులంటే సుకుమార్‌వి. ప్రభువు రక్తం పట్టుకోంగనే ఎట్ల వణుకుతడో చూడుండ్రి" అని పడుచువాళ్లకి బుద్ధులు చెప్పేవాడు. గ్లాసులోది గొంతు దిగాక వణుకు కాస్త తగ్గేది. అదీ భక్తి ఖాతాలోకే పోయింది.

అతని భార్య లిదియా బడిలో పాఠాలు చెప్పేది. ఒక్కతే కూతురు మహిమ. గురుకుల పాఠశాల ప్రవేశపరీక్ష కోసం తల్లి ఆ పిల్లని సంవత్సరం పొడుగునా కూర్చోబెట్టి చదివించింది. భద్రాచలంలో పరీక్ష. సుకుమార్ బండి మీద తీసుకెళ్లాడు. దారిలో హ్యాండిల్ మీద చేతులు నిలవలేదు. బిడ్డని పడేస్తానేమో అని భయం వేసింది. భయం నిజమైనదే, దానికి అతనికి తెలిసిన మందు ఒక్కటే. రోడ్డు పక్క బెల్టు షాపు ముందు బండి ఆపి, "ఒక్క నిమిషం కూసో అమ్మా" అని లోపలికి పోయాడు. అట్ట, పెన్సిలు ఒళ్లో పెట్టుకుని ఎండలో బండి మీద కూర్చున్న పిల్లని వచ్చేపోయే తాగుబోతులంతా చూశారు. అతను బయటికొచ్చేసరికి పరీక్ష మొదలవడం కాదు, అయిపోయింది కూడా.

లిదియా తిట్టలేదు. తిడితే బాగుండేదని తర్వాత అతను చాలాసార్లు అనుకున్నాడు. కూసుమంచిలో అన్న ఇంటికి పోతూ బస్సు దగ్గర ఒక్క మాట చెప్పింది.

"నీ మాట మీద మాత్రం రాను. ఒకటో ఆదివారం నాడు బల్ల దగ్గర నిన్ను చూస్తే నాకే తెలుస్తది. అప్పుడొస్త."

మందు మానాలని అతను అంతకుముందు ప్రయత్నించకపోలేదు. ఎవరో చెబితే అడవిలోకి పోయి పసరు మింగాడు. 'తాగేవారికి తెలియకుండా కూరలో కలపండి' అని గోడ మీద రాసి ఉన్న పొడి లిదియా చారులో కలిపితే వాంతులతో మంచమెక్కి, లేచాక ఆ నీరసం పోవడానికి మళ్లీ తాగాడు. ఈస్టరు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాల్లో మోకాళ్ల మీద ఒట్లు పెట్టుకుని, ఈస్టరు పొద్దున్నే వాటిని గట్టున పెట్టేశాడు. ఈసారి ఇల్లు ఖాళీ అయ్యాక పౌరుషంతో తలుపేసుకుని ఒక్కసారిగా మానేశాడు. రెండో రోజుకి గోడల నిండా చీమలు పాకుతున్నాయని అరిచాడు. మూడో రోజు పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే, తోటి లైన్‌మన్ ఒకాయన జీపులో వేసుకుని భద్రాచలంలో కన్యాస్త్రీలు నడిపే దవాఖానాలో పడేశాడు.

అక్కడి నర్సు సిస్టర్ ఫ్లోరెన్స్. పొట్టి మనిషి, కోపం ముక్కు మీద ఉంటుంది. అతను కళ్లు తెరవగానే పరామర్శించలేదు, మందలించింది.

"మీకు మానుకొమ్మని ఎవరు చెప్పిన్రు గిట్ల? ఇన్నేండ్లు తాగిన ఒళ్లు ఒక్కసారిగ మానేస్తే పానం పోతది. దీనికి గోలీలున్నయి, డాక్టరున్నడు. సిగ్గుపడి ఇంట్ల సచ్చుడు కంటే వచ్చి అడుగుడు నయం కాదా?"

తాగుడు రోగమని, రోగానికి దవాఖానా ఉంటుందని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పాపమని చెప్పారు, బలుపని చెప్పారు. రోగమని విన్నప్పుడు అతనికి ఏడుపొచ్చింది. డిశ్చార్జి రోజున సిస్టరు రెండు సంగతులు చెప్పింది. ఒకటి, చుక్క కూడా నాలిక మీద పడొద్దు, దగ్గుమందులో కలిసి ఉన్నా సరే. రెండు, ప్రతి గురువారం సాయంత్రం దవాఖానా వెనక గదికి రావాలి. అక్కడ మానినవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు.

మానినవాళ్లు అంటే గదినిండా ఉంటారనుకుని వెళ్లాడు. విరిగిన మంచాలు, తుప్పుపట్టిన సెలైన్ స్టాండ్ల మధ్య వేసిన బెంచీ మీద ఒక్కడే ఉన్నాడు. తెల్ల పంచె, భుజం మీద కండువా, యాభై దాటిన మనిషి. పేరు వెంకటనారాయణ. ఎప్పుడో కృష్ణా వైపు నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర పామాయిల్ తోటలు వేసిన ఆసామి. సత్తుపల్లిలో ఇలాంటి గది లేదు. ఉన్నా పోయేవాణ్ణి కాదని ఆయనే చెప్పాడు, అక్కడ గేదెలు కూడా తనని గుర్తుపడతాయట.

"నేను అయ్యప్ప మాల ఏడుసార్లు వేశానయ్యా," అన్నాడు మొదటిరోజే. "మాల మెళ్లో ఉన్నన్నాళ్లూ చుక్క ముడితే ఒట్టు. మాల తీసిన పూటే, శబరిమల నుంచి ఇంటికి రాకుండానే, స్టేషను బయటే దుకాణం. మీకూ ఏదో ఒకటి ఉండే ఉంటుందిగా?"

"ఉంది సార్. శ్రమల దినాలు."

"అదీ అంతే కదా?"

"అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. తాగకుండా నవ్వి ఎన్నాళ్లయిందో సుకుమార్‌కి గుర్తులేదు. అప్పుడప్పుడు ఇంకొకరు ఇద్దరు వచ్చేవారు, రెండు వారాలు కనబడి మాయమయ్యేవారు. వెంకటనారాయణ మాత్రం వానొచ్చినా వరదొచ్చినా బస్సు దిగేవాడు.

గురువారం ఒక్క సాయంత్రమే. మిగతా వారమంతా ఒంటరితనమే. తాగేవాడికి స్నేహితులు కోరకుండా దొరుకుతారు. మానినవాడు వాళ్లకి పెళ్లిలో తుమ్మినవాడిలా కనిపిస్తాడు. పని కాగానే ఇదివరకు "కూసో అన్నా" అనేవాళ్లు ఇప్పుడు "సరే అన్నా" అంటున్నారు. తోటివాళ్లు జీతాల రోజున పిలవడం మానేశారు. పొద్దుగూకి ఇంటికొస్తే మాట్లాడేవాడు లేడు. ఒక్కడికి వండితే అన్నం సరిగ్గా కుదరదు. ఒక పూట ముద్దయి, ఒక పూట పలుకుగా ఉండేది. మహిమ మంచం మీద ఉతికిన బట్టలు వేసుకునేవాడు, మంచం ఖాళీగా కనబడకుండా. ఒక్క అడవి పల్లెలో మాత్రం దూలయ్య అనే పెద్దాయన, సుకుమార్ చెయ్యి అడ్డం పెట్టగానే, ఎందుకని అడగకుండా సారా లోపల పెట్టేసి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. ఆ నీళ్లు తాగుతూ, ఇంత సులువైన పని మావాళ్లకి ఎందుకు చేతకాలేదా అనుకున్నాడు.

మావాళ్లంటే చర్చివాళ్లు. అక్కడే వచ్చింది చిక్కు.

బల్ల ద్రాక్షారసం ఏసయ్య చేతి సొత్తు. భార్య చావుబతుకుల్లోంచి బతికి బయటపడినందుకు ఆయన చేసుకున్న మొక్కు అది. ఖమ్మం నుంచి నల్లద్రాక్ష తెప్పించి, కడిగి, పంచదారేసి జాడీలో కట్టి, నెలల తరబడి మాగనిస్తాడు. అసలైన ద్రాక్షసారా. ఊళ్లో తాగుడు అలవాటున్నవాళ్లు కూడా దాని ఘాటుకి దండం పెడతారు. దవాఖానా నుంచి వచ్చాక మొదటి బల్ల ఆదివారం, పళ్లెం ఇంకా రెండు వరసలు ముందుండగానే ఆ వాసన సుకుమార్ ముక్కుకి తగిలింది. చుక్క కూడా అన్న మాట గుర్తొచ్చింది. లేచి తలుపు దగ్గరి చాప మీదికి పోయాడు. చర్చి అంతా తల తిప్పకుండా తల తిప్పింది.

మర్నాడే ఏసయ్య ఇంటికి వెళ్లి విషయం చెప్పుకున్నాడు.

"పెద్దయ్యా, నేను తాగుతలేను. గందుకే తీస్కుంటలేను. నాకు రొట్టె ఒక్కటియ్యుండ్రి. లేకుంటే నా కోసం గింత మామూలు ద్రాక్షరసం..."

ఏసయ్య ముఖం మాడిపోయింది. "ఏంది? ప్రభువు రక్తాన్ని కల్లు ముంతతోని కలుపుతున్నవా? ఇన్నేండ్లు వణుక్కుంట తీస్కున్నోనివి. ఇప్పుడు తాగకపోతే ఇంక భయమెందుకు? సగం బల్ల అని ఎక్కడన్న ఉంటదా? నీ లోపల ఏదో ఉంది. అది ఒప్పుకో ముందుగాల."

సిస్టర్ ఫ్లోరెన్స్‌తో చెబితే ఆవిడకి అసలు చిక్కే అర్థం కాలేదు. "మా గుళ్లె జనానికి రొట్టె ఒక్కటే ఇస్తరు. గదే చాలు కద?" అంది. ఆమె క్యాథలిక్కు, ఇతను ప్రొటెస్టెంటు. ఇద్దరి మధ్య ఆ ఒక్క గ్లాసు ఉంది.

ఏసయ్య ఇంటి నుంచి కబురు కూసుమంచికి చేరడానికి ఎన్నాళ్లో పట్టలేదు. సుకుమార్ రూపాయి ఫోనులోంచి మాట్లాడబోతే లిదియా ముందే అందుకుంది.

"బల్లకాడ కూసుంటలేవంట. తలుపు కాడికి పోతున్నవంట."

"లిదియా, దాంట్ల మందు ఉంటది. దవాఖానాల ఒక్క చుక్క గూడ..."

"ఎన్ని సాకులు విన్న నేను. ఇప్పుడు దేవుని మీద గూడ సాకా?" అంటూనే, "దాసుకునేటిది లేకపోతే మూలకెందుకు పోతవు?" అంది. ఫోను పెట్టేసింది.

అప్పుడతనికి తన పరిస్థితి పూర్తిగా తెలిసింది. పెళ్లాం బిడ్డలు రావాలంటే ఆ గ్లాసు తాగాలి. ఆ గ్లాసు తాగితే రెండోది ఎక్కడ దొరుకుతుందో కాళ్లకి తెలుసు. వాన కాలం పోయింది, చలి కాలం వచ్చింది. నెలకోసారి ఆ చాప మీద కూర్చుంటూనే ఉన్నాడు. పక్కన చీమిడి ముక్కుల పిల్లలు, ఎదురుగా జనం వీపులు. తాగిన రోజుల్లో కూడా అంత సిగ్గు పడలేదు. ఒక్కసారి తీసేసుకుంటే పోలా, ఆ ఒక్కటే కదా, అని లోపలినుంచి ఒక గొంతు బుజ్జగించేది. ఆ గొంతు అతనికి బాగా పాత చుట్టం.

ఒక గురువారం ఇదంతా కక్కేశాడు. వెంకటనారాయణ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"తాగమని మాత్రం నేను చెప్పను. చెప్పానా, ఇద్దరం కలిసే చెడతాం," అన్నాడు. "కానీ మూలకి పోయి కూర్చుంటావేంటయ్యా? మూల కూర్చున్నవాడు దొంగలాగే కనపడతాడు. పెళ్లి పంక్తిలో నాకు పడని కూర వచ్చిందనుకో, విస్తరి వదిలేసి గోడ పక్కకి పోతానా? వద్దని చెయ్యి అడ్డం పెడతాను. పక్కవాడికి అందుతుంది. నువ్వూ వరసలోనే కూర్చో. నీ చేతికొచ్చింది పక్కాయనకివ్వు. లేచిపొమ్మనే హక్కు ఎవడికుంది?"

"ఆ వాసన చేతిల పట్టుకోవాలె గద సార్."

"అదీ నిజమే," అని ఒప్పుకున్నాడాయన. "ఆదివారం పొద్దున్న కడుపునిండా తిని వెళ్లు. ఖాళీ కడుపుతో వెళ్లకు."

సుకుమార్ కూసుమంచికి ఫోను చేశాడు. "వచ్చే ఒకటో ఆదివారం వరసల కూసుంట. గ్లాసు మాత్రం తీస్కోను. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు. వచ్చి చూడు" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా ఫోను పెట్టేశాడు.

ఆ ఆదివారం అతను చర్చిలోకి అడుగుపెట్టేసరికి ఆడవాళ్ల వైపు మూడో చాప మీద లిదియా ఉంది. పక్కన మహిమ, పొడుగయింది. తండ్రిని చూసి తల దించుకుంది. మాట్లాడే ధైర్యం లేక వెళ్లి మగవాళ్ల వరస మధ్యలో కూర్చున్నాడు.

బల్ల వేళకి లేచేవాళ్లు లేచారు. సుకుమార్ లేవలేదు. రొట్టె వచ్చింది, తుంచి తీసుకున్నాడు. తర్వాత ఏసయ్య ఇత్తడి పళ్లెం వరస చివర అందించాడు. అది ఒక్కో చెయ్యీ దాటుకుంటూ వచ్చి సుకుమార్ రెండు చేతుల్లో కూర్చుంది. గ్లాసులు అంచుదాకా ఉన్నాయి. వాసన నేరుగా మొహానికి కొట్టింది. నోట్లో నీళ్లూరాయి. గొంతు దానంతటదే మింగింది. భార్య చూస్తోంది, బిడ్డ చూస్తోంది, ఒక్క గ్లాసు ఎత్తితే చాలు, సాయంత్రానికి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అంత దగ్గరగా ఇల్లు అతనికి ఎప్పుడూ రాలేదు. ఏసయ్య వంగి, "తీస్కో బిడ్డా" అని గుసగుసలాడాడు. ఆ గొంతులో నిజమైన ప్రేమే ఉంది, అదే ఇంకా కష్టమైంది.

"నాకు రొట్టె చాలు, పెద్దయ్యా," అన్నాడు సుకుమార్. పళ్లెం పక్కాయన చేతిలో పెట్టాడు.

పళ్లెం అన్ని వరసలూ తిరిగి బల్ల మీదికి చేరేసరికి దాంట్లో నిండు గ్లాసు ఒకటి మిగిలిపోయింది. మిగిలినది సంఘపెద్దే తాగాలి. ఏసయ్య ఆ గ్లాసుని చాలాసేపు చూసి, ఎవరివైపూ చూడకుండా తాగేశాడు.

ఆరాధన కాగానే సుకుమార్ బయటికొస్తే లిదియా లేదు. అప్పటికే బస్సు ఆగేచోట సంచితో నిలబడి ఉంది. అతను దగ్గరికెళ్లాడు. చెప్పులోంచి మట్టి దులుపుకుంటున్నట్టు నటించాడు కాసేపు.

"నా తోని కాలే, లిదియా. బల్ల తీస్కున్ననాడు వస్తనన్నవు. తీస్కోలేకపోయిన."

"తీస్కున్ననాడు అని నేనెప్పుడన్న?" అంది ఆమె. "బల్లకాడ చూస్తే నాకే తెలుస్తది అన్న."

అతనికి అర్థం కాలేదు. బస్సు మలుపు తిరిగి వచ్చింది. మహిమ ముందు ఎక్కింది, మెట్టు మీద నిలబడి "పోయొస్త డాడీ" అని మెల్లగా అంది. లిదియా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

"పెండ్లైనకాన్నుంచి వింటున్న," అంది కిటికీలోంచి. "పళ్లెం నీ చేతికొస్తే గ్లాసులు మోగేటివి. అందరు భక్తి అనేటోళ్లు. నేను సిగ్గుతోని కండ్లు మూసుకునేదాన్ని. నువ్వు తలుపు కాడికి పోతున్నవని చెప్తే, పళ్లెం పట్టుకుంటే మళ్ల మోగుతదని పోతున్నవనుకున్న. ఇయ్యాల గూడ కండ్లు మూసుకునే కూసున్న."

సుకుమార్ తన చేతులవైపు చూసుకున్నాడు.

"మోగలే," అంది లిదియా. "మహిమ పరీక్షలు అయిపోనియ్, వస్తం."

బస్సు కదిలింది. దుమ్ము అణిగేదాకా అతను రోడ్డు మీదే నిలబడి, ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా ఏడ్చాడు. సగం దారి ఇంటికి నడిచాక గానీ, పరీక్షలు ఎప్పుడైపోతాయో అడగలేదని గుర్తు రాలేదు.